ఎవరు చేసిన అంకితం

ఆ వాక్యం చదివినప్పుడు రజిత బడిలో, స్టాఫ్ రూములో ఉంది. ముందు సగం తిన్న టిఫిన్ డబ్బా, పక్కన ఫోను, ఫోనులో ముత్యం సారు ఆఖరున పంపిన పేజీ. సారు తమ ఊరి చరిత్ర మీద రాసిన పుస్తకానికి ప్రూఫులన్నీ ఆమే దిద్దింది. చలికాలమంతా బడి నుంచి ఇంటికి పోగానే అదే పని. అంకితం పేజీ ఒక్కటి మాత్రం ఆయన దాచిపెట్టాడు. "అది నీకు సర్‌ప్రైజ్ బిడ్డా" అంటూ వచ్చాడు. ఇవాళ పంపాడు.

"తన జీవితాన్ని పోచమ్మ తల్లికి అంకితం చేసుకున్న మా ఊరి భీమవ్వకు."

భీమవ్వ రజిత తల్లి.

రజిత డబ్బా మూత పెట్టేసింది. వాక్యాన్ని మళ్లీ చదివింది, ఈసారి ప్రూఫులు దిద్దే కళ్లతో. ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అచ్చుతప్పు ఒక్కటీ లేదు. ఉన్న తప్పంతా "చేసుకున్న" అనే మాటలో ఉంది. బెల్లు కొట్టారు. ఎనిమిదో తరగతికి పోయి కర్త, కర్మ, క్రియ చెప్పాలి. పని జరిగిందంటే చేసినవాడు ఒకడు ఉంటాడని ఏటేటా పిల్లలకు చెప్పే పాఠమే. ఆ రోజు బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క విరిగిపోయింది.

భీమవ్వ జోగిని. చిన్నపిల్లగా ఉన్నప్పుడే పోచమ్మ గుడి ముందు కూర్చోబెట్టి, దేవత పేరు మీద మెడలో తాళి కట్టారు. దేవతకు ఇచ్చాం అన్నారు. పెద్దమనిషి అయ్యాక ఆ పిల్ల ఊళ్లో మగవాళ్లకు ఎవరికైనా దక్కే వస్తువు అయింది. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు, అనవలసిన అవసరమూ పడలేదు. జాతరలో ముందు ఆమె ఆడాలి, పీనుగు లేస్తే ముందు ఆమె నడవాలి. రజితకు తండ్రి ఎవరో భీమవ్వ చెప్పలేదు. రజిత ఒక వయసు వచ్చాక అడగడం మానేసింది. పదో తరగతి అయిపోగానే తల్లీబిడ్డలు ఊరు విడిచి ఆర్మూర్ పక్కనున్న పెర్కిట్‌కు వచ్చారు. ఇక్కడ భీమవ్వ పసుపు కళ్లాల్లో పని చేసే ఒక ముసలామె, అంతే. రజిత పనిచేసే బడిలో ఎవరికీ ఏమీ తెలియదు. మస్కట్‌లో డ్రైవరుగా ఉన్న మొగుడు మహేష్‌కు తెలుసు గానీ అతనూ ఆ మాట ఎన్నడూ ఎత్తడు.

కోపం మొత్తంగా ఒకరి మీద పెట్టుకునే వీలుంటే బాగుండేది. ముత్యం సారు విషయంలో ఆ వీలు లేదు. ఆయన ఆ ఊరి హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు, తండ్రి పేరు లేని పిల్లను బడిలో కూర్చోబెడితే తమ పిల్లల్ని పంపేది లేదని ఊరు అడ్డం తిరిగింది. సారు గడపలో నిలబడి "తోలకుంటే మీ ఇష్టం, ఈ పిల్లయితే ఇక్కడ్నే కూసుంటది" అన్నాడు. ఆ మాట రజిత చెవులతో విన్నది. కాలేజీకి పోతానంటే ధైర్యం చెప్పిందీ ఆయనే, నిఘంటువు చూడడం నేర్పిందీ ఆయనే. ఆ మనిషే ఈ వాక్యం రాశాడు.

ఆదివారం పొద్దున్నే ఆటో ఎక్కి ఆర్మూర్‌లో గుట్ట వైపున్న సారు ఇంటికి పోయింది. ఆయన వరండాలో పేపరు చదువుతూ ఉన్నాడు. ఆమెను చూడగానే మొహం విప్పారింది.

"చదివినవా? ఎట్లున్నది?"

"ఒక మాట మార్చాలె సార్."

"అచ్చుతప్పా?"

"కాదు. 'చేసుకున్న' అన్న మాట. మా అవ్వ చేసుకోలేదు. ఆమెను చేసిండ్రు."

సారు నవ్వాడు. క్లాసులో తెలివైన పిల్ల తప్పు జవాబు చెబితే నవ్వే నవ్వు అది. "అంకితం అన్న మాటను నువ్వు చిన్నగ చేస్తున్నవ్ బిడ్డా. అంకం అంటే ఒడి. అంకితం అంటే తల్లి ఒడిల చేరుడు. మీ అవ్వకు గంతకన్న పెద్ద మాట నాకు దొరకలే."

"అంకం అంటే గుర్తు సార్. మచ్చ. మీరు నాకిచ్చిన నిఘంటువుల ముందుగాల ఉన్న అర్థం గదే. అంకితం అంటే గుర్తు వేయబడినది. ఫలానోళ్ల సొత్తు అని తెల్వనీకె ఎడ్లకు వాతలు పెడ్తరు చూడుండ్రి, గది."

"కవులు కావ్యాలను అంకితమిచ్చేటోళ్లు గదా. రాజుకు బిడ్డనిచ్చి పెండ్లి చేసినట్టు అని చెప్పుకునేటోళ్లు. అది వాత పెట్టుడా?"

"కావ్యం నోరు లేనిది సార్. దాన్ని ఎవరికిచ్చినా ఏడ్వది. ఇంగ్లీషు మాట గురించి ముందుమాటల మీరే రాసిండ్రు. డెడికేషన్ అంటే లాటిన్‌ల చాటి చెప్పి ఇచ్చుడు అని. మరి మా అవ్వను చాటి ఇచ్చింది ఎవరు? ఆ పేరు ఏ పేజీలనన్న ఉన్నదా? పుస్తకమంతా నేనే దిద్దిన. నాకు కనబడలే."

సారు కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడిచాడు. తుడవడం అయిపోయినా పెట్టుకోలేదు.

"మా నాయిన కాలం వేరు. కరువు, పశువులకు రోగం. మంది భయపడ్డరు. ఇప్పుడవన్నీ తవ్వి ఏం లాభం? నేను మీ అవ్వను గౌరవిస్తున్న. ఫంక్షన్‌ల శాలువ కప్పుతున్న. నా మొదటి పుస్తకం ఆమె పేరు మీద ఇస్తున్న. ఇంకేం జెయ్యాలె?" గొంతు గట్టిపడింది. "నీకు అక్షరం ముక్క పెట్టింది ఎవరో జర యాది చేసుకో."

"యాదికున్నది సార్. గా అక్షరాలతోటే ఇది చదివిన."

ఆయన మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు. "మీ అవ్వను అడుగు పో. ఆమె మురుస్తది."

అక్కడి నుంచి నేరుగా కళ్లానికి పోయింది రజిత. ఉడకబెట్టిన పసుపు నేలంతా పరిచి ఉంది. ఎండకు గాలి కూడా పసుపు వాసనే. భీమవ్వ తలకు తువ్వాల చుట్టుకుని, తోటి కూలీ కమలవ్వ పక్కన కూర్చుని, కొమ్ములు ఒక దిక్కుకూ గుండ్రటి మండలు ఒక దిక్కుకూ ఏరుతోంది. రజిత తల్లిని నీడకు పిలిచి, ఫోను తీసి, మెల్లగా చదివి వినిపించింది. చదువుతుంటే తన గొంతు తనకే అసహ్యమనిపించింది.

"ఇంకోసారి సదువు" అంది భీమవ్వ.

చదివింది.

"నేను చేసుకున్ననని రాసిండా?"

"అవునవ్వా."

భీమవ్వ వేళ్లకు అంటిన పసుపును చీర కొంగుతో తుడుచుకోసాగింది. ఆ రంగు తుడిస్తే పోయేది కాదు, ఆమెకూ తెలుసు. చాలాసేపు తుడిచింది.

"ముత్యం నా ఈడోడే" అంది చివరికి. "మా నాయిన ఆళ్లింట్ల పాలేరుగ జీతం ఉండె. ఆ యేడు పటేల్ బర్రెలు సచ్చినయి. పోచమ్మ అడుగుతున్నది, నీ బిడ్డనియ్యమన్నడు ముత్యం నాయిన గంగారాం పటేల్. మా నాయిన కాళ్ల మీద పడ్డడు. పడితే ఏమైతది? తెల్లారి డప్పు కొట్టి చాటిచ్చిండ్రు, లచ్చయ్య తన బిడ్డను అమ్మకు ఇడుస్తున్నడు అని. పటేల్ ఇడుస్తున్నడు అనలే. మా నాయిన పేరు చెప్పిండ్రు. ఇప్పుడు గీ ముత్యం నా పేరు చెప్తున్నడు."

రజిత ఈ మాటలు ఇంతకు ముందు ఎప్పుడూ వినలేదు. తల్లి బతుకు తనకు తెలుసనే అనుకుంటూ వచ్చింది. తెలిసిందల్లా బయటి గోడ మాత్రమే.

"నాకు కొత్త లంగ ఇచ్చిండ్రు" అంది భీమవ్వ. "ముత్యానికి సూపెట్ట ఉరికిన. ఆడు సూసి మంచిగున్నదన్నడు. ఇద్దరం పోరగాండ్లమే గదా. తెల్లారి వాణ్ని బడికి తోలిండ్రు." లేచి నిలబడి తువ్వాల విప్పింది. "పా పోదాం."

"యాడికవ్వా?"

"ముత్యం తానికే."

భీమవ్వ ముత్యం సారు వరండా ఎక్కలేదు. మెట్ల కింద ఎండలో నిలబడింది. సారు లేచి వచ్చి "రా భీమవ్వా, పైకి రా, కూసో" అన్నాడు. ఆమె కదలలేదు. లోపలి నుంచి కొడుకు సంతోష్ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ముత్యం పటేలా, నా పేరు రాసినవంట."

"రాసిన. నీకు ఇష్టం లేకుంటే తీసేస్త. బలవంతం ఏమున్నది?"

"తీయకు. ఇన్నేండ్లకు నా పేరు అచ్చుల పడుతున్నది, ఎందుకు తీస్తవ్? నీ నాయిన పేరు గూడ రాయి. గంగారాం పటేల్ పోచమ్మకు ఇడిసిన భీమవ్వ అని రాయి. గంతే."

సంతోష్ ముందుకు వచ్చాడు. "ఏం మాట్లాడుతున్నవ్ నువ్వు? సచ్చిన మనిషి పేరు తీసుకొస్తవా? మా తాత..."

"నేను సావలే గదా బిడ్డా" అంది భీమవ్వ, అతని వైపు చూడకుండానే. "నేను సచ్చినంక అందరం సమానం. అప్పుడు ఏ పేరు రాసుకుంటరో రాసుకోండ్రి."

సారు కొడుకును చేత్తో ఆపాడు. మెట్టు దిగబోయి దిగలేదు. "చూస్త భీమవ్వా. ప్రెస్సోళ్లతోటి మాట్లాడి చూస్త" అన్నాడు. ఆ మాటకు రజితలో ఏదో వదులైంది. చదువుకున్న మనిషి, చూస్తానన్నాడు, మారుస్తాడు అనుకుంది.

ఆవిష్కరణ పెర్కిట్‌లో హైవే పక్కనున్న ఫంక్షన్ హాల్లో పెట్టుకున్నారు. అది రజిత ఇంటికి దగ్గర కాబట్టి పుస్తకాల పార్సెలు ఆమె ఇంట్లోనే దింపాలని ముందే అనుకున్నదే. ముందు రోజు మధ్యాహ్నం ట్రాలీ వచ్చింది. అట్టపెట్టెలు లోపల పెట్టించి, ట్రాలీ అతను పోయిందాకా ఓపిక పట్టి, రజిత ఒక పెట్టె చించింది. కొత్త కాగితం వాసన గుప్పుమంది. మూడో పేజీ తిప్పింది.

"అంకితం చేసుకున్న." అదే మాట. అట్లాగే. అక్షరాల చుట్టూ కొత్తగా పూల బార్డరు కూడా వేయించాడు.

సారుకు ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. సంతోష్ ఎత్తి "నాన్న పండుకున్నడు మేడమ్, ఏదన్న ఉంటే రేపు ఫంక్షన్ల చెప్పండ్రి" అని పెట్టేశాడు. మస్కట్‌కు చేసింది. మహేష్ అంతా విని, "జర ఆలోచన చెయ్యి రజితా. స్కూల్‌ల తెలుస్తది. నీ ఇజ్జత్ గూడ చూసుకోవాలె గదా" అన్నాడు. ఇజ్జత్ అనే మాట వినగానే, ఇన్ని రోజులుగా సారు మీద గౌరవమనీ విశ్వాసమనీ అదిమిపెట్టిందంతా ఒక్కసారిగా పొంగింది. ఎవరి ఇజ్జత్? ఊరి ఇజ్జత్ కోసం తల్లి నోరు మూసుకుంది, ఉద్యోగం కోసం తాను మూసుకుంది. గంగారాం పటేల్ కోసం ఒక పుస్తకం పుస్తకమే నోరు మూసుకుంది. దానికి అచ్చుతప్పులు దిద్ది ఇస్తినే అనుకుంది. ఆ అనుకోవడంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఏడుపు నీళ్లు కావు.

బడి సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది. ప్రూఫులు దిద్దినట్టే, "తన జీవితాన్ని" మీదా "చేసుకున్న" మీదా గీత కొట్టింది. వాక్యం మొదట్లో "మా నాయిన గంగారాం పటేల్" అనీ, గీత కొట్టినచోట పైన "చేసిన" అనీ రాసింది. "మా నాయిన గంగారాం పటేల్ పోచమ్మ తల్లికి అంకితం చేసిన మా ఊరి భీమవ్వకు." ఒక పుస్తకం పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుంది.

కళ్లం నుంచి వచ్చిన భీమవ్వ గడపలో నిలబడి చూసింది. కాళ్లూ చేతులూ కడుక్కుని, తుడుచుకుని, వచ్చి ఎదురుగా కూర్చుని, పుస్తకాలు ఒక్కొక్కటీ మూడో పేజీకి తెరిచి బిడ్డ ముందు పెట్టసాగింది. పెన్ను అయిపోతే కిరాణా కొట్టుకు పోయి ఆమే కొత్తవి తెచ్చింది. అన్ని పెట్టెలూ అయ్యేసరికి రజిత బొటనవేలు వాచింది.

ఫంక్షన్ హాలు నిండింది. ఊరివాళ్లు, సారు పాత విద్యార్థులు, అంకాపూర్ నుంచి చుట్టాలు, రజిత పనిచేసే బడి కరస్పాండెంటు కూడా వచ్చాడు. తల్లీబిడ్డలు ముందు వరసలో కూర్చున్నారు. సారు తెల్ల చొక్కాలో పెళ్లికొడుకులా ఉన్నాడు. ముఖ్య అతిథి నిజామాబాద్ నుంచి వచ్చిన రిటైర్డ్ ప్రిన్సిపాల్. రిబ్బను విప్పి, పుస్తకం అందరికీ చూపించి, "ముందుగా అంకితం చదువుకోవడం మన సంప్రదాయం" అంటూ పేజీ తెరిచాడు.

చదివాడు. గంగారాం పటేల్ పేరు మైకులో హాలంతా మోగింది. వెనక ఎవరికో తాగుతున్న నీళ్లు పొలమారాయి. సారు మొహంలో నెత్తురు ఇంకిపోవడం రజిత చూసింది. ఇప్పుడు లేస్తాడు, ఇది నేను రాయలేదంటాడు, అప్పుడు నేనూ లేస్తాను అని కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది. చెప్పవలసిన మాటలన్నీ పేర్చి పెట్టుకుంది.

ప్రిన్సిపాల్ కళ్లద్దాలు సర్దుకుని ఆ పేజీని మళ్లీ చూశాడు. "ఇది అచ్చులో లేదు. ఎర్ర సిరాతో చేత్తో రాశారు" అన్నాడు, గొంతు బరువెక్కించి. "అంటే అచ్చయిపోయాక కూడా ఈ రచయితకు మనసు ఒప్పుకోలేదు. కన్నతండ్రి చేసిన తప్పును ఒక్కొక్క పుస్తకంలో తన చేతితో రాశాడు. ఇంత నిజాయితీ నేను నా జీవితంలో చూడలేదు. అందరూ చప్పట్లు కొట్టాలి."

అందరూ కొట్టారు. కొందరు లేచి నిలబడ్డారు.

ముత్యం సారు ఒక క్షణం రజిత వైపు చూశాడు. తర్వాత లేచి, రెండు చేతులూ జోడించి, జనానికి దండం పెట్టాడు.

రజితకు చప్పట్లు వినపడటం మానేశాయి. పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. ఆయన కాదంటే పోట్లాడటానికి సిద్ధపడి వచ్చింది. తిడితే పడటానికీ, ఉద్యోగం పోతే పోగొట్టుకోవడానికీ సిద్ధపడింది. ఇట్లా దండం పెట్టి మొత్తం తన ఖాతాలో వేసుకుంటాడని మాత్రం ఊహించలేదు. లేవబోయింది. భీమవ్వ ఆమె మోచెయ్యి పట్టి ఆపింది. అప్పటికే భీమవ్వను స్టేజీ మీదికి పిలుస్తున్నారు.

సారు శాలువా విప్పి పట్టుకున్నాడు. భీమవ్వ శాలువా దగ్గరికి పోలేదు. మైకు దగ్గరికి పోయింది. దాన్ని ఎట్లా పట్టుకోవాలో తెలియక కొంచెం వంగింది.

"పేరు అందరు ఇన్నరా?" అంది. "ఎనకున్నోళ్లకు ఇనబడ్డదా?"

వెనక వరస నుంచి ఊరి ముసలమ్మ ఒకతె "ఇనబడ్డది భీమవ్వా" అంది.

"మంచిది" అని భీమవ్వ మెట్లు దిగి వచ్చింది. సారు చేతుల్లో శాలువా అట్లాగే ఉండిపోయింది.

మర్నాడు పేపర్లలో జిల్లా పేజీలో ముత్యం సారు ఫోటో వచ్చింది. తండ్రి తప్పును ఒప్పుకున్న రచయిత అని రాశారు. ఆ వారంలోనే కరస్పాండెంటు రజితను పిలిచి, వచ్చే ఏడు తెలుగు పోస్టు తీసేస్తున్నాం మేడమ్ అని, కళ్లు కలపకుండా చెప్పాడు.

సారు ఫోను చేశాడు. ఆ గొంతులో కోపం ఉంటే ఆమెకు ఎంతో కొంత తేలికయ్యేది.

"ఆనాడు నా మీద కోపంతోటి చేసినవ్. నేను మనసుల పెట్టుకోలే. అయినా చూడు, మంచిగనే అయ్యింది. పుస్తకాలు ఒడిసినయి, మళ్ల అచ్చేపిస్తున్న. గా వాక్యం ఈసారి అచ్చులనే పెడ్త. నువ్వే ప్రూఫులు చూడాలె."

"ఆ వాక్యం మీరు రాయలే సార్."

"మంది నేను రాసిననుకున్నరు. నేనేం జేత?"

"నేను కాదు అని చెప్పొచ్చు. మీరు దండం పెట్టిండ్రు."

"నేను చెప్తే ఆడ మా నాయిన ఇజ్జత్ ఇంకింత పోతుండె గదా" అన్నాడు.

"ప్రూఫులు ఇంకెవరితోటన్న చూపిచ్చుకోండ్రి సార్" అని రజిత పెట్టేసింది. అప్పటి నుంచి ఆయన ఫోను ఎత్తలేదు. చిన్నప్పుడు ఆయన నిలబడిన ఆ బడి గడప ఇప్పటికీ కళ్ల ముందుకొస్తుంది. వచ్చినప్పుడల్లా ఆమె కోపం రెండింతలవుతుంది. ఆ గడపే లేకుంటే ఈ మనిషిని అసహ్యించుకోవడం ఎంత సులువుగా ఉండేదో.

రెండో ముద్రణ వానాకాలంలో వచ్చింది. వాక్యం నల్లటి అచ్చులో, కింద ముత్యం సారు పేరుతో ఉంది. రజిత కొనలేదు. భీమవ్వే ఎవరితోనో ఒకటి తెప్పించుకుంది. పక్కింటి పిల్ల వచ్చినా, కమలవ్వ వచ్చినా, కరెంటు బిల్లు ఇవ్వడానికి మనిషి వచ్చినా ఆ పేజీ తెరిచి చదవమంటుంది.

ఒకనాడు రజిత ఉండబట్టలేక అరిచింది. "ఎందుకవ్వా గది అందరికీ చూపిస్తవ్? కింద ఆయన పేరున్నది. అంతా ఆయనే చేసినట్టున్నది. నీకు కోపం రాదా?"

భీమవ్వ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

"వస్తది" అంది. "దినాం వస్తది. గా కోపంతోటే సదివిపిస్తున్న."

అంతలో వాకిట్లోకి పాలు పోసే మనిషి వచ్చాడు. భీమవ్వ అతణ్ని కూర్చోమని, పుస్తకం అతని చేతికిచ్చి, "జర గీ పేజీ సదువు బిడ్డా, గట్టిగ సదువు" అంది. రజిత లోపలికి పోయి తలుపు వేసుకుంది. తలుపు అవతల నుంచి గంగారాం పటేల్ పేరు ఆమెకు స్పష్టంగా వినిపించింది.